కొన్నది దొంగ సొత్తని తెలిస్తే ఏం చేయాలి? నల్లగొండ, పాలమూరు వాళ్ల కోసం సమగ్ర మార్గదర్శి

"సార్, నేను దొంగతనం చెయ్యలేదు. పైసలిచ్చే కొన్నాను. మరి నా మీద కేసెందుకు?"

నల్లగొండ కోర్టులో వకీలుగా పనిచేస్తున్న ఇన్నేళ్లలో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. అడిగేవాళ్లలో చాలామంది మామూలు మనుషులు. చిట్యాలలో సెకండ్ హ్యాండ్ బండి తీసుకున్న కుర్రాడు, దేవరకొండ వైపు బోరు మోటారు చవగ్గా దొరికిందని కొన్న రైతు, స్నేహితుడి గొలుసును తన పేరు మీద కుదువ పెట్టిచ్చిన ప్రైవేటు టీచరు. దొంగ ఎక్కడో ఉంటాడు, స్టేషన్ బెంచీ మీద వీళ్లు కూర్చుంటారు.

ఈ బెంచీ మా ఇంటికీ తెలుసు. నాకు పదిహేనేళ్లప్పుడు మా నాన్న అంగడిలో మూడు మేకలు కొన్నాడు. వారం తిరక్కుండానే పక్క మండలం నుంచి ఒకాయన వచ్చి, చెవికోత చూపించి, "ఇవి నా జీవాలు" అన్నాడు. నాన్న పొద్దుగూకే దాకా స్టేషన్‌లో కూర్చున్నాడు. అంగడి రసీదు ఆయన చొక్కా జేబులోనే ఉంది, అమ్మినవాడి పేరు, ఊరు దాని మీద ఉన్నాయి. ఆ చిన్న కాగితం వల్లే ఆయన సాక్షిగా ఇంటికి వచ్చాడు. అది లేకపోతే నిందితుడయ్యేవాడు. మేకలు మాత్రం వెళ్లిపోయాయి. డబ్బులూ పోయాయి.

ఇలాంటి కేసుల్లో చట్టం ప్రధానంగా రెండే అడుగుతుంది. ఇది దొంగ సొత్తని నీకు ఎప్పుడు తెలిసింది? తెలిశాక ఏం చేశావు? కింద రాసిందంతా ఈ రెండు ప్రశ్నలకు మీ దగ్గర మంచి జవాబు ఉండేలా చూసుకోవడం గురించే.

ముందుగా చట్టం ఏమంటుందో

2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. దొంగ సొత్తు తీసుకోవడం గురించిన పాత 411 సెక్షన్ పేరు ఇప్పటికీ అందరి నోళ్లలో ఉంది కానీ, ఆ తేదీ తర్వాత జరిగిన నేరాలకు చూడాల్సింది 317వ సెక్షన్. అంతకుముందు జరిగినవాటికి పాత ఐపీసీయే వర్తిస్తుంది.

దొంగతనం చేసిన వస్తువే దొంగ సొత్తు అనుకుంటాం. చట్టం దృష్టిలో పరిధి పెద్దది. బెదిరించి గుంజుకున్నది, దోపిడీ చేసింది, నమ్మి అప్పగిస్తే మింగేసింది, దొరికితే దాచేసుకున్నది కూడా దొంగ సొత్తే. కొత్త చట్టం మోసం చేసి సంపాదించినదాన్ని కూడా ఇందులో కలిపింది. ఈ చివరి మాట చాలా ముఖ్యం, బ్యాంకు ఖాతాల దగ్గర మళ్లీ దీని గురించి చెబుతాను.

దొంగ సొత్తని తెలిసి గానీ, అలా నమ్మడానికి తగిన కారణం ఉండి గానీ, దురుద్దేశంతో తీసుకున్నా, తన దగ్గర ఉంచుకున్నా 317(2) కింద మూడేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. "ఉంచుకున్నా" అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగండి. కొన్న రోజున మీకు ఏమీ తెలియకపోవచ్చు, ఆ రోజు మీ తప్పేమీ లేదు. ఆరు నెలల తర్వాత అసలు సంగతి తెలిసింది. తెలిశాక కూడా "నా డబ్బులు పోతాయి కదా" అని దాచుకుంటే, నేరం ఆ రోజు నుంచి మొదలవుతుంది. మంచి మనుషులు ఇరుక్కునేది ఎక్కువగా ఇక్కడే.

డెకాయిటీలో, అంటే ఐదుగురు గానీ అంతకంటే ఎక్కువమంది గానీ కలిసి చేసిన దోపిడీలో, పోయిన సొత్తని తెలిసి తీసుకుంటే శిక్ష పదేళ్ల కఠిన జైలు, యావజ్జీవం దాకా వెళ్లవచ్చు. దొంగ సొత్తు కొనడం, అమ్మడం అలవాటుగా పెట్టుకున్నవాళ్లకూ అంతే. కావాలని దాచడానికి, అమ్మిపెట్టడానికి సాయపడితే మూడేళ్ల వరకు. "నేను కొనలేదు, రెండు రోజులు నా కొట్టంలో పెట్టుకోనిచ్చానంతే" అనే మాట అక్కడ నిలబడదు.

మరి తగిన కారణం అంటే ఏమిటి? వట్టి అనుమానం సరిపోదు, అంతకంటే బలమైనది కావాలి. కొత్త మోటారు ధరలో పావు వంతుకే, రాత్రి పదింటికి, ఆటోలో తెచ్చి, బిల్లు లేకుండా, "ఎవరికీ చెప్పకు" అని అమ్మితే, తెలియదన్న మాటను ఏ జడ్జీ అయినా నమ్మడం కష్టం. దొంగతనం జరిగిన కొద్ది రోజులకే వస్తువు మీ దగ్గర దొరికి, ఎలా వచ్చిందో మీరు చెప్పలేకపోతే, మీరే దొంగ లేదా తెలిసి కొన్నవారు అని కోర్టు భావించవచ్చు. భారతీయ సాక్ష్య అధినియమం 119వ సెక్షన్ ఆ వీలు ఇస్తుంది. అంటే వివరణ ఇచ్చే భారం ఆచరణలో మీ మీదికే వస్తుంది. అయినా వస్తువు దొంగిలించిందని, మీ స్వాధీనంలో దొరికిందని, మీకు ఆ సంగతి తెలుసని నిరూపించాల్సింది పోలీసుల పక్షమేనని 1954లోనే త్రింబక్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది.

మొదటి అడుగు: అనుమానం వచ్చిన గంటలో

ఆ వస్తువును ఉన్నచోటే ఉంచండి. వాడటం ఆపండి. ఇంకొకరికి అమ్మకండి, బంధువుల ఇంటికి పంపకండి, నంబరు ప్లేటు మార్చకండి, ఫోనును ఫార్మాట్ కొట్టకండి. భయంతో సాగర్ ఎడమ కాల్వలో పడేసి వచ్చినవాళ్లు కూడా నాకు తెలుసు. అలా చేస్తే అప్పటిదాకా లేని తప్పు, అంటే సాక్ష్యం మాయం చేశారన్న తప్పు, కొత్తగా నెత్తి మీదికి వస్తుంది. పైగా "ఏమీ తెలియనివాడు ఎందుకు పడేస్తాడు?" అన్న ప్రశ్నకు జవాబు ఉండదు.

తర్వాత ఒక తెల్ల కాగితం తీసుకోండి. ఎప్పుడు, ఎక్కడ, ఎవరి దగ్గర, ఎంతకు కొన్నారు, డబ్బు ఎలా ఇచ్చారు, పక్కన ఎవరున్నారు, అనుమానం ఏ రోజు, ఏం చూసి వచ్చింది అన్నీ రాసుకోండి. ఇది మీ జ్ఞాపకం కోసం, మీ వకీలు కోసం. ఫోన్‌పే, గూగుల్‌పే రికార్డు ఉంటే స్క్రీన్‌షాట్ తీసి, బ్యాంకు స్టేట్‌మెంటు కూడా తెచ్చుకోండి. అమ్మినవాడితో జరిగిన వాట్సాప్ మాటలు ఒక్కటి కూడా చెరపకండి. మీకు ఇబ్బందిగా అనిపించే మెసేజ్ ఉన్నా సరే.

అమ్మినవాడికి ఫోన్ చేసి తిట్టాలనిపిస్తుంది. ఆగండి. వాడు జాగ్రత్త పడితే మీరు డబ్బు రాబట్టుకునే దారి, పోలీసులు వాడిని పట్టుకునే దారి రెండూ మూసుకుపోతాయి.

రెండో అడుగు: అనుమానం నిజమో కాదో చూసుకోవడం

ఫోను అయితే *#06# నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ నంబరు కనిపిస్తుంది. ఇంగ్లీషులో కేవైఎం అని టైపు చేసి, ఒక ఖాళీ వదిలి, ఆ నంబరు వేసి 14422కు మెసేజ్ పంపండి. సంచార్ సాథీ యాప్‌లో కూడా చూడవచ్చు. పోయిన ఫోన్లను బ్లాక్ చేసే ప్రభుత్వ వ్యవస్థ సీఈఐఆర్‌లో అసలు యజమాని దాన్ని బ్లాక్ చేయించి ఉంటే అక్కడ తెలిసిపోతుంది. డబ్బా మీద ఉన్న నంబరు, ఫోనులో కనిపించే నంబరు వేరువేరుగా ఉంటే ఇక సందేహం పెట్టుకోకండి.

బండి అయితే ఆర్సీలో ఉన్న ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు బండి మీద ఉన్నవాటితో అంకె అంకె సరిచూడండి. గీకినట్టు, కొత్తగా కొట్టినట్టు ఉంటే మెకానిక్‌కు చూపించండి. రవాణా శాఖ యాప్ ఎం పరివాహన్‌లో యజమాని వివరాలు చూడండి. జాతీయ నేర రికార్డుల బ్యూరో నడిపే వాహన్ సమన్వయ్‌లో ఆ బండి మీద దొంగతనం కేసు ఉందో లేదో తెలుస్తుంది. పక్క రాష్ట్రం బండి అయితే, ముఖ్యంగా జడ్చర్ల మీదుగా 44వ నంబరు జాతీయ రహదారిపై వచ్చే కర్ణాటక, ఆంధ్ర బండ్లయితే, ఆ రాష్ట్ర రవాణా శాఖ ఇచ్చిన ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) లేకుండా ముట్టుకోవద్దు. ఫైనాన్సు కట్టని బండి వేరే తలనొప్పి. అది దొంగ బండి కాకపోవచ్చు, కానీ ఫైనాన్సు వాళ్లు వచ్చి తీసుకుపోతే మీకు మిగిలేది మాత్రం అదే బాధ.

బోరు మోటారు, స్టార్టర్ డబ్బా, కాపర్ కేబుల్ అయితే చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో ఎవరిదైనా పోయిందా అని అడగండి. మన దగ్గర ఈ వార్త ఒక్కరోజులో అన్ని ఊళ్లకూ పాకుతుంది. మోటారు మీది పేరు పలక పీకేసి ఉంటే అదే పెద్ద గుర్తు. ట్రాన్స్‌ఫార్మర్ పగలగొట్టి తీసిన కాపర్ తీగ అయితే పరిస్థితి ఇంకా గట్టిది. 2003 విద్యుత్ చట్టం 136వ సెక్షన్ కరెంటు లైన్ల సామాను దొంగతనానికి, 137వ సెక్షన్ ఆ సామాను తెలిసి కొనడానికి విడిగా శిక్ష పెట్టాయి, కొన్నవాడికి మూడేళ్ల వరకు జైలు. పాత సామాన్ల కొట్టు నడిపేవాళ్లు ఈ సెక్షన్ గోడకు అంటించుకోవాలని నా కోరిక. ఒక్క రాత్రి ఒక ట్రాన్స్‌ఫార్మర్ పోతే, దాని కింద ఉన్న పొలాలన్నీ ఎండుతాయి. నాట్లు వేసిన వారంలో అలా జరిగితే ఆ రైతుల పరిస్థితి ఏమిటో ఊళ్లో పెరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు.

రైలు పట్టాల సామాను సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మిర్యాలగూడ, నల్లగొండ, మహబూబ్‌నగర్ మీదుగా లైన్లు పోతాయి, ఫిష్‌ప్లేట్లు, క్లిప్పులు స్క్రాపుగా అమ్మకానికి వస్తుంటాయి. 1966 రైల్వే ఆస్తి చట్టం కింద అది ఎలా వచ్చిందో నిరూపించుకోవాల్సింది మీరే. మొదటిసారికే అయిదేళ్ల వరకు జైలు.

బంగారం గురించి ఒక్కమాట. "నా దగ్గర ఆధార్ లేదు, నీ పేరు మీద కుదువ పెట్టియ్యి" అని స్నేహితుడు గానీ, బావ గానీ అడిగితే దయచేసి కాదనండి. చీటీ మీద పేరు మీది. పోలీసులు సేటు కొట్టుకు వచ్చినా, ఫైనాన్సు కంపెనీకి వచ్చినా రిజిస్టర్‌లో కనిపించేది మీరు.

మూడో అడుగు: స్టేషన్‌కు వెళ్లడం, ఒంటరిగా కాదు

అనుమానం నిజమే అనిపిస్తే ఆలస్యం చేయకండి. ముందు ఒక వకీలుతో అరగంట మాట్లాడండి. ఇది దాచిపెట్టడానికి కాదు, మీరు చెప్పే నిజం సరైన క్రమంలో, సరైన మాటల్లో కాగితం మీదికి రావడానికి. ఊరి పెద్దమనిషిని తోడు తీసుకెళ్లడం మంచిదే, కానీ ఆయన మీ తరఫున మాట్లాడకూడదు.

దరఖాస్తు రెండు కాపీలు రాయండి. "ఫలానా తేదీన ఫలానావాడి దగ్గర ఇంత ధరకు కొన్నాను. ఫలానా తేదీన ఈ కారణంతో ఇది దొంగ సొత్తని అనుమానం వచ్చింది. అందుకే వస్తువును అప్పగిస్తున్నాను, దర్యాప్తుకు సహకరిస్తాను" అని సూటిగా ఉండాలి. తెలియనిది రాయొద్దు. ఊహించి ఎవరి పేరూ చేర్చొద్దు. రెండో కాపీ మీద స్టేషన్ ముద్ర, తేదీ, సంతకం తీసుకోండి. వస్తువు అప్పగించినట్టు రసీదు లేదా పంచనామా కాపీ లేకుండా బయటికి రావొద్దు. ఇవ్వకపోతే అదే దరఖాస్తును జిల్లా ఎస్పీ ఆఫీసుకు రిజిస్టర్ పోస్టులో పంపి, పోస్టు రసీదు దాచుకోండి.

ఇలా స్వయంగా వెళ్తే కేసే రాదని నేను హామీ ఇవ్వలేను. అయితే "తెలిశాక ఏం చేశావు?" అన్న ప్రశ్నకు ఇంతకంటే మంచి జవాబు నాకు తెలియదు. దురుద్దేశం లేదని చూపించే మొదటి సాక్ష్యం మీ చేతిలో ఉన్న ఆ ముద్ర పడిన కాపీయే.

పోలీసులే మీ ఇంటికి వస్తే

దొరికిన దొంగ "ఫలానా వాళ్లకు అమ్మాను" అని చెబితే పోలీసులు రికవరీకి వస్తారు. దొంగ సొత్తుగా అనుమానించిన వస్తువును స్వాధీనం చేసుకునే అధికారం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 106వ సెక్షన్ వాళ్లకు ఇచ్చింది. అడ్డుకోవద్దు, గొడవ పెట్టుకోవద్దు. అయితే సోదా, స్వాధీనం మొత్తం వీడియో తీయాలని 105వ సెక్షన్ చెబుతోంది. తీస్తున్నారా అని మర్యాదగా అడగండి. పంచనామాలో వస్తువు వివరాలు, నంబర్లు సరిగా ఉన్నాయో చదివాకే సంతకం పెట్టండి. ఖాళీ కాగితం మీద ఎవరు అడిగినా, ఎంత గట్టిగా అడిగినా సంతకం చేయొద్దు.

మీకు వచ్చే నోటీసు ఏ సెక్షన్ కిందో చూడండి. 179 అయితే మిమ్మల్ని సాక్షిగా పిలుస్తున్నారు. మహిళలను, 15 ఏళ్లలోపు, 60 ఏళ్లు దాటిన మగవాళ్లను, వికలాంగులను, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవాళ్లను ఆ సెక్షన్ కింద స్టేషన్‌కు రప్పించకూడదు, వాళ్ల ఇంటికే వచ్చి అడగాలి. 35(3) అయితే మిమ్మల్ని నిందితుడిగా అనుమానిస్తున్నారని అర్థం. ఆ రోజు తప్పకుండా వెళ్లండి. నోటీసు ప్రకారం హాజరైనంత కాలం, ప్రత్యేక కారణాలు రాస్తే తప్ప అరెస్టు చేయకూడదు. హాజరు కాకపోతే ఆ రక్షణ పోతుంది.

317(2) కేసులో స్టేషన్ బెయిలు హక్కుగా రాదు, కోర్టు ఇవ్వాలి. అరెస్టు భయం నిజంగా ఉంటే నాగరిక్ సురక్షా సంహిత 482వ సెక్షన్ కింద ముందస్తు బెయిలు కోసం జిల్లా సెషన్స్ కోర్టుకు వెళ్లవచ్చు. అరెస్టు చేస్తే ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. విచారణ మధ్యలో వకీలును కలిసే హక్కు ఉంటుంది. పోలీసుల ముందు ఒప్పుకున్న మాట కోర్టులో సాక్ష్యం కాదు, కానీ ఆ మాట వల్ల వస్తువు దొరికితే, దొరకడానికి సంబంధించిన ఆ ముక్క వరకు సాక్ష్యం అవుతుంది.

నా డబ్బు సంగతేమిటి?

ఇక్కడ చెప్పే మాట చాలామందిని బాధపెడుతుంది. వస్తువు అసలు యజమానిదే. 1930 సరుకుల అమ్మకం చట్టం 27వ సెక్షన్ ప్రకారం, అమ్మినవాడికి లేని హక్కు కొన్నవాడికి రాదు. పెబ్బేరు సంతలో నలుగురి ముందు కొన్నా, సరైన ధర ఇచ్చినా, దొంగకు హక్కు లేదు కాబట్టి మీకూ లేదు. మా నాన్న ఈ మాటను చాలా ఏళ్లు ఒప్పుకోలేదు. "నేను పైసలిచ్చిన కదా" అనేవాడు. మేకలు పోగొట్టుకున్నాయన కూడా ఏమీ తప్పు చేయలేదని ఆయనకు నచ్చజెప్పడం నా వల్ల కాలేదు.

డబ్బు కోసం అమ్మినవాడి వెంట పడాలి. అమ్మే హక్కు తనకు ఉందని ప్రతి అమ్మకంలోనూ అమ్మినవాడు హామీ ఇచ్చినట్టే లెక్క. ఆ హామీ తప్పాడు కాబట్టి ధర తిరిగి ఇమ్మని సివిల్ దావా వేయవచ్చు, మోసం కింద ఫిర్యాదు కూడా చేయవచ్చు. ఇంకో దారి చాలామందికి తెలియదు. నాగరిక్ సురక్షా సంహిత 499వ సెక్షన్ ప్రకారం, దొంగకు శిక్షపడి, అరెస్టప్పుడు వాడి దగ్గర డబ్బు దొరికి ఉంటే, తెలియక కొన్నవాడికి తాను ఇచ్చిన ధర మించకుండా అందులోంచి ఇప్పించమని కోర్టును అడగవచ్చు. వస్తువు యజమానికి చేరి ఉండాలి, మీరు దరఖాస్తు పెట్టాలి. కేసు తీర్పుకొచ్చే సమయంలో గుర్తుపెట్టుకుని అడిగినవాళ్లకే ఇది అందుతుంది.

దొరికిన వస్తువు మీద హక్కు

బస్సులో సంచి దొరికింది, ఏటీఎంలో ఎవరో మరిచిన నోట్లు కనిపించాయి, మీ మందలో ఎవరివో రెండు గొర్రెలు కలిశాయి. భద్రంగా ఉంచి యజమానికి ఇవ్వాలని తీసుకుంటే నేరం కాదు. యజమాని ఎవరో తెలిసీ, లేదా తెలుసుకునే వీలుండీ సొంతం చేసుకుంటే న్యాయ సంహిత 314వ సెక్షన్ కింద కనీసం ఆరు నెలలు, గరిష్ఠంగా రెండేళ్ల జైలు, జరిమానా. కనీస శిక్ష అనే మాట కొత్త చట్టంలో చేరింది.

ఆర్టీసీ బస్సు అయితే కండక్టరుకు గానీ డిపోలో గానీ ఇచ్చి రాయించుకోండి. గొర్రెలు, పశువులు అయితే ఊళ్లో చాటింపు వేయించి, గ్రామ పంచాయతీకి చెప్పి, అవసరమైతే బందెలదొడ్డికి తోలండి. మేపిన ఖర్చు లెక్క రాసుకోండి. 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం యజమాని బహుమానం ప్రకటించి ఉంటే అది అడిగే హక్కు మీకుంది. యజమాని కోసం తగినంత వెతికినా దొరకనప్పుడు, వస్తువు పాడైపోయే స్థితిలో ఉంటేనో, మీ న్యాయమైన ఖర్చు దాని విలువలో మూడింట రెండు వంతులకు చేరితేనో అమ్మే వీలు కూడా ఆ చట్టం ఇస్తుంది. పొలం దున్నుతుంటే లంకెబిందె దొరికిందంటే అది వేరే కథ. వెంటనే తహసీల్దారు ద్వారా కలెక్టరుకు చెప్పాలి, ఇంట్లో దాచుకోవద్దు.

మీ ఖాతాలోకి వచ్చిన డబ్బు

డిగ్రీ పిల్లల తల్లిదండ్రులు ఈ భాగాన్ని తప్పకుండా చదవాలి. "నీ బ్యాంకు ఖాతా, సిమ్ము ఇయ్యి, నెలకు ఐదు వేలు ఇస్తా" అని వచ్చేవాళ్లు జిల్లా కేంద్రాల్లో హాస్టళ్ల చుట్టూ తిరుగుతున్నారు. ఆ ఖాతాలో పడేది ఎక్కడో ఒక ముసలాయన సైబర్ మోసంలో పోగొట్టుకున్న పింఛను డబ్బు. మోసం ద్వారా వచ్చింది కూడా దొంగ సొత్తేనని కొత్త చట్టం అంటోంది కాబట్టి, పిల్లవాడు 317 పరిధిలోకి రావచ్చు. కేసు ఏ రాష్ట్రంలో నమోదైతే అక్కడికి తిరగాలి. ఖాతా ఫ్రీజ్ అవుతుంది, తండ్రి వేసిన ఫీజు డబ్బు కూడా అందులో ఇరుక్కుంటుంది.

తెలియని డబ్బు ఖాతాలో పడితే ఖర్చు పెట్టకండి. ఫోన్ చేసి "పొరపాటున పడింది, ఈ నంబరుకు పంపు" అన్నవాడికి పంపకండి కూడా. బ్యాంకుకు రాతపూర్వకంగా చెప్పి, వచ్చినచోటికే బ్యాంకు ద్వారా వెనక్కి వెళ్లేలా చూడండి. మోసం అనిపిస్తే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

మీ వస్తువే పోయినప్పుడు

100కు లేదా 112కు ఫోన్ చేయండి, తర్వాత రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వండి. బండి దిల్‌సుఖ్‌నగర్‌లో పోయి మీరు అచ్చంపేటలో ఉంటే, అచ్చంపేటలోనే జీరో ఎఫ్ఐఆర్ చేయమని అడగవచ్చు. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు ఇస్తే మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. వారెంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగల (కాగ్నిజబుల్) నేరం అయితే ఎఫ్ఐఆర్ తప్పనిసరి అని 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కొత్త చట్టంలో మూడు నుంచి ఏడేళ్ల లోపు శిక్షపడే నేరాలకు డీఎస్పీ అనుమతితో 14 రోజుల ప్రాథమిక విచారణ చేసే వీలుంది, కాబట్టి కొన్నిసార్లు ఆ గడువు పట్టవచ్చు. అసలే తీసుకోకపోతే ఎస్పీకి, ఆ తర్వాత మేజిస్ట్రేటుకు. దర్యాప్తు ఎంతదాకా వచ్చిందో 90 రోజుల్లో మీకు తెలియజేయాలి.

మూడు తులాలు పోతే ఐదు తులాలని రాయకండి. బీమా కోసం, లేదా పగ ఉన్నవాడి మీద కోపంతో, లేని దొంగతనం పుట్టించకండి. ప్రభుత్వ ఉద్యోగికి అబద్ధపు సమాచారం ఇస్తే న్యాయ సంహిత 217వ సెక్షన్ కింద ఏడాది వరకు, అమాయకుడి మీద తప్పుడు కేసు పెడితే 248వ సెక్షన్ కింద అయిదేళ్లు, కొన్ని పెద్ద నేరాలు అంటగడితే పదేళ్ల వరకు శిక్ష ఉంది. నిజంగా నమ్మి ఇచ్చిన ఫిర్యాదు తర్వాత తప్పని తేలినా నేరం కాదు. భయపడి ఊరుకోవాల్సిన పని లేదు.

పోయిన వస్తువు దొరికాక కేసు తేలేదాకా అది స్టేషన్ ఆవరణలో తుప్పు పడుతుందని చాలామంది ఆశ వదిలేస్తారు. అలా వదిలేయకండి. మేజిస్ట్రేటు కోర్టులో ఇంటెరిమ్ కస్టడీ పిటిషన్, అంటే కేసు తేలేదాకా వస్తువును మీకు అప్పగించమనే దరఖాస్తు, వేయండి. స్వాధీనం చేసుకున్న వస్తువులను స్టేషన్‌లో 15 రోజులు, మహా అయితే నెల కంటే ఎక్కువ ఉంచనవసరం లేదని, ఫొటోలు, పంచనామా, బాండు తీసుకుని ఇచ్చేయవచ్చని 2002లో సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బిల్లు, ఆర్సీ, ఆధార్ జతచేస్తే పని తేలికవుతుంది. ఇచ్చాక కోర్టు అడిగినప్పుడు చూపించాలి, అమ్మకూడదు.

"నేను తెప్పిస్తా, కొంచెం ఖర్చవుతుంది" అనేవాళ్లు

మోటారు పోయిన మూడో రోజున ఒకడు వచ్చి, "పది వేలిస్తే మీ మోటారు మీ పొలం కాడికి వస్తుంది" అంటాడు. దొంగను పట్టించే ప్రయత్నం చేయకుండా, సొత్తు తెప్పిస్తానని డబ్బు తీసుకోవడమే ఒక నేరం. న్యాయ సంహిత 252వ సెక్షన్, రెండేళ్ల వరకు జైలు. నష్టపోయిన రైతు బాధ నాకు అర్థమవుతుంది, రేపటి తడి ఆగిపోతుంది కదా. కానీ ఆ పది వేలు తర్వాతి రాత్రి ఇంకొకరి బోరు దగ్గరికి వాళ్లను పంపే కూలి. వాడు మాట్లాడిన ఫోన్ నంబరు, సమయం రాసుకుని ఎస్సైకి ఇవ్వండి.

కళ్లతో చూసినవాళ్ల బాధ్యత సంగతి. మామూలు దొంగతనం చూసిన ప్రతి ఒక్కరూ చెప్పి తీరాలని చట్టం బలవంతం చేయదు. దోపిడీ, డెకాయిటీ లాంటివి తెలిస్తే మాత్రం పోలీసులకు గానీ మేజిస్ట్రేటుకు గానీ చెప్పాలని నాగరిక్ సురక్షా సంహిత 33వ సెక్షన్ అంటుంది. నేరం గురించి సమాచారం ఎవరిచ్చారో చెప్పమని పోలీసును కోర్టు కూడా బలవంతం చేయడానికి వీల్లేదు.

వకీలుకు డబ్బు లేకపోతే

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లా కోర్టుల్లో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. మహిళలు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, వికలాంగులు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు, తక్కువ ఆదాయం ఉన్న మిగతావాళ్లకూ ఇస్తారు. ఫోన్ నంబరు 15100. వెళ్లేటప్పుడు ఆధార్, వచ్చిన నోటీసు, కొన్నప్పటి రసీదు, డబ్బు చెల్లించిన స్టేట్‌మెంటు, మొదటి రోజు తెల్ల కాగితం మీద రాసుకున్న వివరాలు పట్టుకెళ్లండి. నోటీసులో హాజరు తేదీ ఎల్లుండే ఉంటే ఆ మాట వెళ్లగానే చెప్పండి, ఆ రోజే మాట్లాడటానికి ఎవరినైనా చూస్తారు.